తుఫానుకి లేచిపోని రేకుల కప్పు కావాలి, మందం ఎంత తీసుకోవాలి?

గాలిపటం2:

అందరికీ నమస్కారం. మాది రెండు వాలుల కప్పు, చెక్క ట్రస్సులు (కప్పుని మోసే త్రికోణపు చట్రాలు), వాటి మీద చెక్క పర్లిన్లు (రేకులు బిగించే అడ్డ దూలాలు), పైన ఇరవై ఏళ్ళ నాటి జీఐ రేకులు, అంటే జింకు పూత వేసిన ఉక్కు రేకులు. ఈసారి తుఫానులో ఒక వాలు మీద మూడో వంతు రేకులు పోయాయి. ఆ రాత్రి ఎలా జరిగిందో చెప్తాను, అందులో మీకేమైనా తెలుస్తుందేమో. ముందు చూరు మూల దగ్గర ఒక రేకు టపటపా కొట్టుకోవడం మొదలైంది. పావుగంటో ఇరవై నిమిషాలో అలాగే కొట్టుకుంది, మేం లోపల మంచం మీద కూర్చుని దాని చప్పుడే వింటున్నాం, పైకెక్కి ఆపే పరిస్థితి లేదు కదా. తర్వాత ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. హమ్మయ్య అనుకుని పైకి చూస్తే ఆకాశం.

ఇప్పుడు కప్పు మొత్తం కొత్తగా వేయించాలి. అడిగిన ప్రతివాళ్ళూ ఒక్కో మాట చెప్తున్నారు. ఒకాయన 0.6 మి.మీ. రేకు వేయండి, ఏనుగు ఎక్కినా ఏమీ కాదు అన్నాడు. ఇంకొకాయన అల్యూమినియం తప్ప ఏదీ నిలవదన్నాడు. మూడో ఆయన స్క్రూలు కనపడే రేకులు పాతకాలం పద్ధతి, స్టాండింగ్ సీమ్ (రేకుల అంచులు నిలువుగా మడిచి కలిపే రకం) వేయించుకోండి, ఇరవై ఏళ్ళ వారంటీ ఇస్తాం అన్నాడు. సముద్రం మరీ పక్కనే లేదు గానీ ఉప్పుగాలి మాత్రం తగులుతుంది, కిటికీ ఊచలు రెండేళ్ళకోసారి తుప్పు గీకి రంగు వేయాల్సిందే.

నేను అడిగేది ఒక్కటే, డబ్బు దేని మీద పెట్టాలి? మందం మీదా, లోహం మీదా, బ్రాండ్ మీదా? ఇంట్లో వాళ్ళు ఇప్పుడు మామూలు గాలి వీచినా నిద్రపోవడం లేదు, అదీ టెన్షన్.

నట్టుబోల్టు:

గాలిపటం గారూ, కొత్త రేకు సంగతి తర్వాత, ముందు పాత రేకు సంగతి. ఎగిరిపోయినవి ఎక్కడైనా దొరికాయా? పాత ఇనుము కింద అమ్మేశారా, ఇంకా ఉన్నాయా? ఉంటే వాటి రంధ్రాలు చూడండి. కప్పు ఎందుకు పోయిందో ఆ రంధ్రాలే చెప్తాయి.

రంధ్రం గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉండి, మేకో స్క్రూవో కూడా రేకుతో పాటే వెళ్ళిపోయి ఉంటే, పర్లిన్ దాన్ని పట్టుకోలేదన్నమాట. చెక్క ఎండి వదులైనా, మేకు పొట్టిదైనా, ఇనుప పర్లిన్ మరీ పల్చనిదైనా ఇలాగే ఊడుతుంది. అలా కాకుండా స్క్రూ వాషర్‌తో సహా పర్లిన్ మీదే నిలబడి ఉండి, రేకుకి మాత్రం నెలవంక లాగానో నక్షత్రం లాగానో చిరుగు కనపడితే, రేకు దాని తల మీదుగా చిరిగి వెళ్ళిపోయింది. ఇక మూడో రకం, పర్లిన్‌తో సహా పైకి లేవడం. దానికి రేకుతో సంబంధమే లేదు, కింద కట్టు సరిగ్గా లేదని.

ఈ మూడింటికీ మందు వేరు వేరు. మొదటి రకానికి 0.6 కాదు, 1 మి.మీ. రేకు వేసినా ఉపయోగం లేదు. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పనిలో ఉన్నాను, గాలికి పోయిన కప్పులు చాలా చూశాను. రేకు నడిమధ్య రెండు ముక్కలైపోవడం ఒక్కసారి కూడా చూడలేదు. ఎప్పుడూ పట్టు దగ్గరే పోతుంది, అదీ అంచున మొదలవుతుంది.

మీరు రాసిన ఆ టపటప ఉంది చూశారా, అసలు విషయం అదే. గాలి ఒక్క దెబ్బకి పీకెయ్యదు. స్క్రూ చుట్టూ రేకుని పైకీ కిందకీ వేల సార్లు వంచుతుంది. తీగని అటూ ఇటూ వంచి తెంపుతాం కదా, అదే. 1974 డిసెంబరు 25న ట్రేసీ తుఫాను ఆస్ట్రేలియాలో డార్విన్ ఊరిని నేలమట్టం చేసింది, అక్కడి విమానాశ్రయంలో గాలి వేగం కొలిచే యంత్రం గంటకు 217 కిలోమీటర్లు చూపించి పాడైపోయింది. తర్వాత ఇంజనీర్లు వెళ్ళి చూస్తే చాలా రేకులు ఇలాగే స్క్రూల చుట్టూ పగుళ్ళు వచ్చి వదిలేసినవే. ఆ రేకులు ఒక్కసారి లాగి చూసే పరీక్షలో బాగానే నిలిచినవి! అప్పటి నుంచే అక్కడ రేకుని మళ్ళీ మళ్ళీ లాగి వదిలి పరీక్షించడం తప్పనిసరి చేశారు.

గాలిపటం2:

అన్నా, మీరు చెప్పాక వెళ్ళి చూశాను. నాలుగు రేకులు పెరట్లో ఉన్నాయి. చూరు మూలదానికి రంధ్రాలన్నీ గుండ్రంగానే ఉన్నాయి, రెండు మేకులు దానికే వేలాడుతున్నాయి కూడా. దాని పక్కవాటికి మాత్రం మీరన్నట్టే నెలవంక చిరుగులు. ఒకచోట చిరుగు అంచున తుప్పు పట్టి ఉంది, అంటే ఆ పగులు ఇప్పటిది కాదు, పాతదే కదా? అవును, మావి స్క్రూలు కాదు, గొడుగు మేకులు. పర్లిన్ల దూరం కొలిచాను, నాలుగడుగులు. మేకులు రేకు అలల్లో రెండు మిట్టలు వదిలి ఒకటి.

నట్టుబోల్టు:

పాతదే. ఎప్పుడో వేరే గాలికి మొదలై ఆగి ఉంటుంది, ఇప్పుడు పూర్తయింది. కథ తెలిసిపోయింది. మూలన మేకులు ఊడాయి, అంచు లేచింది, లేచిన అంచు కిందికి గాలి దూరింది, పక్క రేకుల మీద భారం ఒక్కసారిగా పెరిగింది, అవి చిరిగాయి. జిప్పు లాగినట్టు. మేకులు చెక్కలో నిలవకపోవడానికి కారణం కూడా మామూలే, రోజూ ఎండకి రేకు సాగుతుంది, రాత్రికి కుంచించుకుంటుంది, ఏళ్ళ తరబడి ఆ కదలికకి మేకు వెంట్రుకంత చొప్పున బయటికి వస్తుంది. అందుకే కొత్త కప్పుకి మేకుల మాటే వద్దు.

లెక్కలపంతులు:

నట్టుబోల్టు గారు చెప్పినదానికి అంకెలు చేరుస్తాను, అప్పుడు డబ్బు దేని మీద పెట్టాలో మీకే తేలుతుంది.

గాలి ఒత్తిడికి మోటు లెక్క ఒకటుంది, 0.6ని వేగంతో రెండుసార్లు గుణించాలి. వేగం సెకనుకు మీటర్లలో ఉంటే జవాబు పాస్కల్స్‌లో వస్తుంది. గంటకు 108 కి.మీ. అంటే సెకనుకు 30 మీటర్లు, ఒత్తిడి 540 పాస్కల్స్, చదరపు మీటరుకు దాదాపు 55 కిలోలు. గాలి రెట్టింపై 216 కి.మీ. అయితే 110 కాదు, 220 కిలోలు అవుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. ఇక 0.5 మి.మీ. ఉక్కు రేకు బరువు చదరపు మీటరుకు 4, 5 కిలోలు. కాబట్టి బరువైన రేకు గాలికి లేవదు అనేమాట పక్కన పెట్టేయండి, రేకు బరువు ఈ లెక్కలో ఎక్కడా ఆనదు.

ఇంకోటి, ఈ బలం కిందికి నొక్కేది కాదు, ఎక్కువ చోట్ల పైకి పీల్చేది. కప్పు మీదుగా గాలి పోతుంటే చూరు అంచుల్లో, కొప్పు దగ్గర, ముఖ్యంగా నాలుగు మూలల్లో సుడులు తిరుగుతుంది, అక్కడ పీల్చే బలం నడిమి భాగం కంటే రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

ఇప్పుడు మీ కప్పుకే లెక్క వేద్దాం. పర్లిన్ల దూరం 1.2 మీటర్లు, మేకుకీ మేకుకీ మధ్య సుమారు 0.4 మీటర్లు అనుకుందాం. ఒక్కో మేకు వాటా 0.48 చదరపు మీటర్లు. 216 కి.మీ. గాలికి నడిమి భాగంలో ఒక్కో మేకు మీద 105 కిలోలు, మూలన 210 కిలోలు. ఎండిపోయిన చెక్కలో ఇరవై ఏళ్ళ మేకు 210 కిలోలు మోయాలి! అదే మూలన పర్లిన్లు 0.6 మీటర్లకి ఒకటి వేసి, 0.2 మీటర్లకి ఒక స్క్రూ కొడితే ఒక్కోదాని వాటా 0.12 చదరపు మీటర్లే. మూలన కూడా 53 కిలోలు. అంటే నాలుగో వంతు.

ఇక మందం సంగతి. స్క్రూ తల మీదుగా రేకు చిరగకుండా ఆగే బలం సుమారుగా రేకు మందంతో పాటూ, వాషర్ వెడల్పుతో పాటూ పెరుగుతుంది. 0.5 నుంచి 0.6కి వెళ్తే మీకు దక్కేది 20 శాతం. స్క్రూలు, పర్లిన్లు దగ్గర చేస్తే భారమే నాలుగో వంతుకి దిగింది. తుఫాను వాషర్ అని స్క్రూ కింద పెట్టే వెడల్పాటి లోహపు బిళ్ళలు దొరుకుతాయి, అవి రేకు మిట్ట ఆకారానికి సరిపోయేలా ఉంటాయి, మూలల్లో అవి వేస్తే ఇంకా నయం.

ఇదంతా మోటు లెక్కే, మీ ఇంటి ఎత్తు, వాలు, చుట్టూ చెట్లున్నాయా మైదానమా అన్నదాన్ని బట్టి అసలు లెక్క మారుతుంది. స్థానికంగా గాలి లెక్కలు తెలిసిన ఇంజనీరుకి ఒక్కసారి చూపించండి. రేకులు అమ్మేవాళ్ళని కాదు.

మడతకప్పు:

ఇన్ని రంధ్రాలు పెట్టి మళ్ళీ వాటికి వాషర్లు, బిళ్ళలు, ఏమిటిదంతా? స్టాండింగ్ సీమ్ వేయించుకుంటే రేకుకి రంధ్రమే ఉండదు కదా. కింద క్లిప్పులు బిగిస్తారు, రెండు రేకుల అంచులు నిలువుగా లేపి ఒకదాని మీద ఒకటి మడిచేస్తారు, నీళ్ళు కారే చోటే ఉండదు, రబ్బరు వాషర్ ఎండిపోయే గొడవ లేదు, ఎండకి రేకు సాగినా క్లిప్పు మీద జారుతుంది. మా ఇంటికి వేసి తొమ్మిదేళ్ళైంది, రెండు పెద్ద గాలులు చూసింది, ఒక్క చుక్క లోపలికి రాలేదు. రేపు సోలార్ పలకలు పెట్టుకోవాలన్నా మడతకే బిగింపులు పట్టేస్తారు.

నట్టుబోల్టు:

మడతకప్పు గారూ, మీది మంచి కప్పే, కాదనను. కానీ స్టాండింగ్ సీమ్ అన్న పేరుతో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముతున్నారు. ఒకటి యంత్రంతో రెండుసార్లు మడిచి బిగించేది, మడత పూర్తిగా చుట్టుకుపోతుంది. రెండోది చేత్తో నొక్కితే టక్కుమని కూర్చునేది, స్నాప్ లాక్ అంటారు. టక్కుమని కూర్చున్నది గాలి పైకి పీలిస్తే టక్కుమని లేవగలదు కూడా, ముఖ్యంగా రేకు వెడల్పుగా ఉండి క్లిప్పులు దూరంగా ఉంటే. నడుమ ఉబ్బుతుంది, అంచు విప్పుకుంటుంది, ఒకటి పోతే వరసగా పోతాయి. కాబట్టి స్టాండింగ్ సీమే కావాలనుకుంటే వెడల్పు తక్కువ రేకు, దగ్గర దగ్గరగా క్లిప్పులు, రెండు మడతలు. ఆ మడత యంత్రం వాడటం వచ్చినవాళ్ళు మీ దగ్గర ఉంటేనే. లేకపోతే బాగా బిగించిన స్క్రూ రేకులే మేలు. ఒక రేకు దెబ్బతింటే అదొక్కటి విప్పి మార్చుకోవచ్చు కూడా, మడిచిన కప్పులో మధ్య రేకు మార్చడం ఎంత తలనొప్పో చేసినవాళ్ళకి తెలుస్తుంది.

సాగడం గురించి మీరన్నది నిజమే కానీ పొడవాటి కప్పుకే అది పెద్ద సమస్య. ఉక్కు రేకు 12 మీటర్ల పొడవుంటే 50 డిగ్రీల తేడాకి 7 మి.మీ. సాగుతుంది, రంధ్రాలు సాగిపోతాయి. వీళ్ళ వాలు పొడవు ఆరేడు మీటర్లు ఉంటుందేమో, 4 మి.మీ. దగ్గర ఆగుతుంది. అల్యూమినియం అయితే దానికి రెట్టింపు, అక్కడ జారే క్లిప్పు నిజంగా అవసరం.

వారంటీ గురించి ఒక్క మాట. ఆ ఇరవై ఏళ్ళ కాగితం చదవండి. చాలావరకు అది తుప్పు పట్టి రంధ్రం పడటం గురించీ, రంగు వెలిసిపోవడం గురించీ ఉంటుంది. గాలికి లేచిపోతే అన్న మాట ఉందేమో వెతకండి. గాలికి తట్టుకుంటుందా అంటే అడగాల్సింది వారంటీ కాదు, పరీక్ష కాగితం. కప్పు గాలికి పైకి లేవకుండా నిలుస్తుందా అని చూసే అమెరికా పరీక్షలు, యూఎల్ 580లో క్లాస్ 90, లేదంటే ఏఎస్‌టీఎం ఈ1592 అనో, మీ దేశంలో దానికి సమానమైనదో ఏదో ఒకటి ఉంటుంది. ఆ పరీక్ష ఏ మందం రేకుతో, ఎంత దూరం పర్లిన్లతో, ఏ స్క్రూ లేక ఏ క్లిప్పుతో చేశారో అందులో రాసి ఉంటుంది. మీ ఇంటి మీద అచ్చం అలాగే బిగిస్తేనే ఆ అంకె మీది. పరీక్షలో 60 సెం.మీ. దూరానికి బిగించి, మీ ఇంటి మీద 120కి బిగించి, ఆ కాగితమే చూపించేవాళ్ళున్నారు.

ఉప్పుగాలి:

నేను గాలి గురించి కాదు, తుప్పు గురించి రాస్తున్నాను. ఎందుకంటే మొదటి ఏడాది నిలిచిన కప్పు పదో ఏడాది తుఫానుకి కూడా నిలవాలి, అప్పటికి స్క్రూ మెడ తుప్పుకి సన్నబడి ఉంటే పైన వేసిన లెక్కలన్నీ గాలికే.

మామూలు జీఐ రేకు మీద ఉండేది జింకు పూత. గాల్వాల్యూమ్ అనేదాంట్లో పూత 55 శాతం అల్యూమినియం, 43.4 శాతం జింకు, 1.6 శాతం సిలికాన్. వాన నీళ్ళకి, ఉప్పుగాలికి అది మామూలు జీఐ కంటే చాలా ఎక్కువకాలం ఉంటుంది. కొనేటప్పుడు ఏజెడ్ 150 అని రాసి ఉందా చూడండి, అంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 150 గ్రాముల పూత. మందం అడిగేటప్పుడు పూత, రంగు అన్నీ కలిపిన మందమా, లోపలి ఉక్కు మందమా అని తప్పకుండా అడగండి. 0.50 అని అమ్మే రంగు రేకులో ఉక్కు దాదాపు 0.42 దగ్గర ఉండొచ్చు. అందుకే గేజ్‌లో మాట్లాడకండి, మి.మీ.లో మాట్లాడండి, అదీ ఉక్కు మందం. మైక్రోమీటర్ పట్టుకెళ్తే అమ్మేవాడి ముఖం మారుతుంది, ఫర్వాలేదు.

రంగుల్లో పీవీడీఎఫ్ రకం ఎండకి వెలవడం చాలా తక్కువ, పాలియెస్టర్ రకం త్వరగా సున్నంలా పొడి రాలుతుంది. లేత రంగు తీసుకుంటే లోపల వేడి తగ్గుతుంది.

అల్యూమినియం ఎప్పుడంటే, అలల తుంపర ఇంటి మీద పడేంత దగ్గరగా ఉంటే. అక్కడ ఉక్కు రేకుకి చాలా కంపెనీలు వారంటీ కూడా ఇవ్వవు. కానీ అల్యూమినియం ఉక్కుతో పోలిస్తే మూడో వంతు బిరుసే, అదే గాలికి నిలవాలంటే ఇంకొంచెం మందం, ఇంకొంచెం దగ్గర పర్లిన్లు కావాలి. గాలిపటం గారు చెప్పినదాన్ని బట్టి వారికి మంచి పూత ఉన్న ఉక్కు చాలనే నా అభిప్రాయం.

ఇప్పుడు నేను చేసిన తప్పు. మా కప్పు వేసేటప్పుడు పనివాళ్ళు రేకుల మీదే గ్రైండర్‌తో కోశారు. నిప్పురవ్వలు పూల్లా ఎగురుతుంటే మా పిల్లలు చప్పట్లు కొట్టారు, నేనూ చూస్తూ నిలబడ్డాను. మొదటి వాన పడ్డాక చూస్తే తెల్లటి కప్పు మీద మిరియాలు చల్లినట్టు గోధుమరంగు చుక్కలు. ఆ రవ్వలన్నీ కాలిన ఉక్కు పొట్టు, రంగులో దిగిపోయి తుప్పు పట్టాయి. కోసిన అంచు దగ్గర పూత కాలిపోయి అదో తుప్పు. కాబట్టి రేకుని కత్తెరతోనో, నిబ్లర్‌తోనో (రేకుని కొరికినట్టు కోసే పనిముట్టు) కోయించండి, అదీ కిందనే. డ్రిల్లు పొట్టు కూడా ఆ సాయంత్రమే మెత్తటి చీపురుతో ఊడ్చేయాలి.

ఇంకా విచిత్రం ఏమిటంటే పెన్సిల్. రంగు వేయని గాల్వాల్యూమ్ మీద మామూలు పెన్సిల్‌తో గీత గీస్తే, ఆ గ్రాఫైట్ గీత వెంబడే తుప్పు వస్తుంది. మార్కర్ వాడాలి. రాగి గొట్టం నుంచి కారే నీళ్ళు కూడా దాని మీద పడకూడదు. తడి సిమెంటు అంటుకోకూడదు. రాగి మందు పట్టించిన చెక్కకి నేరుగా తగలకూడదు, మధ్యలో ఏదైనా పొర వేయాలి. స్క్రూలు రేకుకి తగ్గ పూత ఉన్నవే కొనండి. స్టెయిన్‌లెస్ మంచిది కదా అని గాల్వాల్యూమ్ రేకులో కొడితే ఉప్పుగాలిలో స్క్రూ బాగానే ఉంటుంది, దాని చుట్టూ రేకుని తుప్పు తినేస్తుంది. స్టెయిన్‌లెస్ అల్యూమినియం కప్పుకి.

చూరు కింది భాగం నెలకోసారి మంచినీళ్ళతో కడగండి. పైన వాన కడుగుతుంది, కింద ఎవరూ కడగరు, ఉప్పు పేరుకునేది అక్కడే.

గాలిపటం2:

పెన్సిల్ సంగతి నిజంగా కొత్త! మీ అందరికీ చాలా థ్యాంక్స్. ఇప్పటిదాకా నాకు అర్థమైంది ఇది, తప్పుంటే చెప్పండి. ఉక్కు మందం 0.45 మి.మీ. తగ్గని గాల్వాల్యూమ్ రంగు రేకు, స్క్రూలతోనే, పర్లిన్లు మధ్యలో రెండున్నర అడుగులకి, అంచుల్లో రెండడుగులకి. అంచుల్లో, మూలల్లో ప్రతి మిట్టకీ స్క్రూ, తుఫాను వాషర్. ఇంజనీరుకి చూపించాక ఖాయం చేస్తాను.

మిగిలిన అనుమానాలు రెండు. పాత పర్లిన్లలో సగం బాగానే ఉన్నాయి, వాటిని ఉంచొచ్చా? ఇంటి ముందు వరండా ఉంది, మూడు వైపులా ఖాళీ, ఇప్పుడు ఇంటి రేకులే పొడుగ్గా దాని మీదకి వచ్చాయి. అలాగే వేయించాలా?

ఇంకోటి, మా అమ్మ అడగమంది, రేకులు మార్చి కొత్తవి మెరిసేవి వేస్తే పిడుగులు పడతాయా అని.

నట్టుబోల్టు:

అమ్మగారికి చెప్పండి, రేకు పిడుగుని పిలవదు. పిడుగు చూసేది ఎత్తుని, చుట్టూ ఏముందో దాన్ని. పడితే మాత్రం రేకు అంటుకోదు, అదే పెంకు కింద చెక్క ఉన్న కప్పు అంటుకోవచ్చు. ఎర్త్ చేయిస్తే ఇంకా నిశ్చింత.

వరండా విడిగా వేయించండి. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. మూడు వైపులా ఖాళీ ఉన్న కప్పుకి పైనుంచి పీల్చుడు, కిందనుంచి తోపుడు, రెండూ ఒకేసారి. ఇంట్లో ముందు పోయేది అదే. ఇంటి రేకుతో కలిసి ఉంటే పోతూ పోతూ ఇంటి కప్పునీ తీసుకెళ్తుంది. మీ టపటప మొదలైన మూల వరండా వైపేనా? విడిగా, ఇంటి చూరు కింద ఒక జానెడు దిగువన వేస్తే, పోయినా అదొక్కటే పోతుంది. చూరు కూడా గోడ దాటి మరీ ముందుకి రానీయకండి, ఒకటిన్నర అడుగు చాలు.

పాత పర్లిన్లు: ఒక స్క్రూ దిగ్గొట్టి చూడండి, గట్టిగా పట్టి, చెక్క గుల్లగా అనిపించకపోతే ఉంచొచ్చు. కానీ పాత మేకుల రంధ్రాల్లోనే కొత్త స్క్రూలు కొట్టొద్దు, పక్కకి జరపండి. స్క్రూ చెక్కలో కనీసం అంగుళంన్నర దిగాలి. మిట్ట మీద కొడితే మిట్ట ఎత్తు కూడా కలిపి పొడవు లెక్కేసుకోండి, ఇది మర్చిపోయి పొట్టి స్క్రూలు కొనేవాళ్ళు సగంమంది.

బిగించేటప్పుడు దగ్గరుండి ఒక్కటి చూడండి. స్క్రూ నిటారుగా దిగాలి, కింది రబ్బరు వాషర్ కొద్దిగా ఉబ్బి లోహపు బిళ్ళ అంచుకి సమంగా కనపడితే చాలు. రబ్బరు బయటికి పిండినట్టు వస్తే ఎక్కువైంది, ఏడాదిలో పగిలి కారుతుంది, మిట్ట కూడా నొక్కుకుపోయి ఉంటుంది. రబ్బరు తిరుగుతుంటే తక్కువైంది. పనివాళ్ళు సాయంత్రం నాలుగు దాటాక తొందరపడతారు, అప్పుడు కొట్టినవి మళ్ళీ చూడండి.

లెక్కలపంతులు:

పర్లిన్ కింద కూడా చూడాలి కదా నట్టుబోల్టు గారూ. రేకు పర్లిన్‌ని వదలకపోతే ఆ భారమంతా పర్లిన్ ట్రస్‌కి ఇస్తుంది, ట్రస్ గోడకి. పట్టు ఒకచోట పెంచితే మిగతాచోట్ల కూడా పెంచాలి, లేకపోతే ఈసారి రేకులు కాదు, ట్రస్సులతో సహా పోతుంది. పర్లిన్‌కీ ట్రస్‌కీ మధ్య, ట్రస్‌కీ గోడకీ మధ్య మేకులు మాత్రమే ఉంటే గాల్వనైజ్డ్ ఇనుప పట్టీలు వేయించండి. ట్రస్ మీదుగా చుట్టి రెండు వైపులా కిందికి దిగి గోడ లోపలి కాంక్రీటు పట్టీలోకో, బోల్టుతో గోడలోకో పోవాలి. కప్పు విప్పి ఉన్నప్పుడే ఇది సులువు, తర్వాత చేయాలంటే పెద్ద తలనొప్పి.

తలుపులు, కిటికీలు కూడా కప్పు లెక్కలోకే వస్తాయి. గాలి వైపు ఒక కిటికీ పగిలితే ఇల్లు బుడగలా ఉబ్బుతుంది, లోపలి నుంచి కప్పుని పైకి తోస్తుంది. అప్పుడు పైన పీల్చే బలానికి ఇది కలుస్తుంది. తుఫాను వస్తుందంటే కిటికీలకి గట్టి తలుపులో, ప్లైవుడ్ చెక్కో బిగించడం కప్పు కోసం కూడా.

మడతకప్పు:

వడగళ్ళు పడే చోటైతే యూఎల్ 2218 అని ఇంకో పరీక్ష ఉంటుంది, క్లాస్ 4 అంటే రెండంగుళాల ఉక్కు గుండు ఇరవై అడుగుల ఎత్తు నుంచి పడేసినా పగలకూడదు. సొట్టలు పడొచ్చు, అది పరీక్షలో లెక్క కాదు. ఇన్సూరెన్సు ఉంటే సొట్టలకి ఇస్తారా ఇవ్వరా అని ముందే అడిగి పెట్టుకోండి. వాన చప్పుడు ఎక్కువంటారు గానీ, మాకు రేకు కింద పలకలు, దాని మీద పొర ఉన్నాయి, మాటలు బాగానే వినిపిస్తాయి. నేరుగా పర్లిన్ల మీదైతే చప్పుడు ఉంటుంది మరి.

గాలిపటం2:

ఆ మూల వరండా వైపే, నట్టుబోల్టు అన్నా. మీరు రాసేదాకా తట్టలేదు.

ఈరోజు ఇంజనీరు వచ్చి చూశారు. రేకు ఇదే చాలన్నారు, మూలల్లో స్క్రూలు ఇంకా దగ్గర చేశారు, వరండా విడగొట్టమన్నారు. ట్రస్సుల దగ్గర పట్టీలు లేవని చూపిస్తే ఆయన కాసేపు తల పట్టుకున్నారు. రేకుల కోసం అనుకున్న డబ్బులో కొంత ఇప్పుడు పట్టీలకీ స్క్రూలకీ వెళ్తోంది. 0.6 మి.మీ. అన్నాయనకి ఫోన్ చేసి వద్దని చెప్పాను, బాధపడ్డాడు. రేకులు వచ్చే వారం దిగుతాయి, పని మొదలవడానికి ఇంకో పది రోజులు. మార్కర్లు రెండు కొన్నాను.

నట్టుబోల్టు:

పది రోజులు ఆగాలంటే ఆ రేకుల్ని కట్టలు కట్టినట్టే వాన పడే చోట వదిలేయకండి. ఒకదాని మీద ఒకటి ఉన్న రేకుల మధ్య తడి చేరితే గాలి తగలక తెల్ల మచ్చలు, నల్ల మచ్చలు వస్తాయి, వాడకముందే పూత పోతుంది. కింద చెక్కలు పెట్టి, ఒక వైపు కొంచెం ఎత్తుగా వాల్చి, పైన టార్పాలిన్ కప్పండి, పక్కలు మాత్రం గాలి ఆడనీయండి. తాడు వేసి కట్టండి మరి, కట్టని రేకు మామూలు గాలికే పొలాల్లో తేలుతుంది.